మూడు సీసాల గంగ

బోధన్ బస్సు నిజామాబాద్ దాటేసరికి ఒళ్ళో పెట్టుకున్న సంచీలో మూడు సీసాలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. ఖాళీ సీసాలు, ఒక్కోటి దగ్గుమందు సీసా అంత. హైదరాబాదులో నీళ్ళ మీద పరిశోధన చేస్తున్న మా మేనల్లుడు, నేనీ దిక్కు వస్తున్నానని తెలిసి చేతిలో పెట్టాడు. మంజీరలో ఒకటి, గోదావరిలో ఒకటి, పోచంపాడ్ డ్యాములో ఒకటి నింపి తెమ్మన్నాడు. "సీసాని నీళ్ళలో ముంచి నింపు మామా. మూత కూడా నీళ్ళలో ఉండగానే బిగించు. లోపల గాలి బుడగ మిగిలితే ఆ నీళ్ళు పనికిరావు" అని రెండుసార్లు చెప్పాడు.

ఎందుకు పనికిరావో కూడా వాడే చెప్పాడు. అన్ని నీళ్ళ బరువూ ఒకటి కాదు. ఆక్సిజన్ పరమాణువులు 500 తీసుకుంటే వాటిలో ఒకటి మిగతావాటికన్నా బరువైనది. మామూలుది 16 అయితే ఇది 18. హైడ్రోజన్‌లోనూ బరువు రకం ఉంది, డ్యుటీరియం. అది ఇంకా అరుదు, 6,000కు పైగా లెక్కపెడితే ఒకటి దొరుకుతుంది. ఈ జాతి భేదాలనే ఐసోటోపులంటారు. రుచికి తెలియవు, కంటికి కనపడవు. కానీ నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికవి ముందు లేస్తాయి, ఆవిరి చినుకయ్యేటప్పుడు బరువువి ముందు దిగుతాయి. సీసాలో కాస్త గాలి మిగిలినా తేలిక నీరు అందులోకి లేస్తుంది, అడుగున ఉన్న నీటి లెక్క మారిపోతుంది. అక్కడ చినుకంత చోట జరిగేదే సముద్రానికీ కొండలకూ మధ్య వానాకాలమంతా జరుగుతోంది. ఆ మాట తలలో తిరుగుతుండగానే రెండు రోజులు తిరిగాను.

అక్టోబరు మూడో వారం. జానకంపేట దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు. కోత మిషన్లు దించిపోయిన పంట, పచ్చి వాసన వేస్తూ ఎండుతోంది. ఒకచోట బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఒక ముసలమ్మ ఇంటి తిండికి పక్కన పెట్టుకున్న వడ్లను చేటతో ఎత్తి తూర్పార పడుతోంది. చేతులు భుజాల పైకెత్తి, గాలికి అడ్డంగా నిలబడి, సన్నటి ధారగా వదులుతోంది. గట్టి గింజ ఆమె కాళ్ళ దగ్గరే రాలింది. అరగింజ మూరెడు అవతల పడింది. తాలు ఇంకా దూరం పోయింది. పొట్టు మా బస్సు కిటికీ దాకా వచ్చింది. నా మోచేతి మీద వాలిన ఒక పొట్టురేకును దులపకుండా అలాగే చూస్తూ కూర్చున్నాను. మేనల్లుడు కాగితం మీద గీతలు గీసి చెప్పినదంతా ఆమె ఒక్క చేటతో చూపించింది.

అరేబియా సముద్రం మీద లేచిన మబ్బు జూన్‌లో పడమటి కనుమలకు తగులుతుంది. కొండ ఎక్కాలంటే చల్లబడాలి, చల్లబడితే కురవాలి. గట్టి గింజ కాళ్ళ దగ్గరే రాలినట్టు బరువు నీరు మొదట అక్కడే దిగిపోతుంది. సముద్రపు నీటిని సున్నాగా పెట్టుకుని శాస్త్రజ్ఞులు వెయ్యింటికి ఇంత తక్కువ అని లెక్క కడతారు. కొండ ఎక్కేకొద్దీ, ప్రతి 100 మీటర్లకూ ఆక్సిజన్ 18 లెక్క వెయ్యింటికి పావు వంతు అటూ ఇటూగా పడిపోతూ ఉంటుంది. కనుమల మీద మహాబలేశ్వర్‌లో ఏటా 5,000 మిల్లీమీటర్లు దాటే వాన, కొండ దిగి అహ్మద్‌నగర్ వైపు వచ్చేసరికి అందులో పదోవంతుకు కాస్త పైన. అంత దూరం చేరేది తాలే.

అయితే నిజామాబాద్ అరేబియా సముద్రానికి అహ్మద్‌నగర్ కన్నా చాలా దూరం. తూర్పార పట్టే లెక్క ఒక్కటే అయితే ఇక్కడ ఇంకా తక్కువ కురవాలి. కురిసేది మాత్రం 1,000 మిల్లీమీటర్లకు పైమాటే. ఆ చిక్కు కందకుర్తిలో ఒక ముసలి రైతు విప్పాడు. అక్కడికి తర్వాత వస్తాను.

బోధన్‌లో దిగి శక్కర్‌నగర్ వైపు నడిచాను. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు, నల్లరేగడి, వేల ఎకరాల చెరకు, దాని కోసమే వేసిన రైలు పట్టాలు. 2015 డిసెంబరులో మూతబడింది. గేటు అవతల చెట్లు పెరిగాయి. బయట చాయ్ హోటల్లో కూర్చున్న ఒక పెద్దాయన అందులోనే చేసి దిగిపోయాడట. "సీజన్ల రాత్రి డ్యూటీ అయి ఇంటికొస్తే మా అంగీలల్ల, నెత్తి వెంట్రుకలల్ల అంతా తీపి వాసనే సారూ. పిలగాండ్లు మెడ కౌగిలించుకొని వాసన చూసెటోళ్ళు" అన్నాడు. అని చాయ్ చల్లారేదాకా ఆ గేటు వైపే చూశాడు. నేను ఇంకేమీ అడగలేకపోయాను.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల చెరకు తక్కువ, వరి ఎక్కువ. సాలూర దారిలో మాత్రం ఒక చేను కనపడితే ఆటో ఆపించాను. చెరకు గడ కణుపు కింద తెల్లగా బూడిద రాసినట్టు ఉంటుంది కదా. బొటనవేలితో గీస్తే జిడ్డుగా అంటి, కింద ఎర్రటి గడ నిగనిగలాడుతుంది. చిన్నప్పుడు దాన్ని దుమ్మనుకుని లుంగీతో తుడిచి నమిలేవాళ్ళం. అది మైనం. ఎండకు నీరు పోకుండా మొక్క తనకు తాను పూసుకునేది. వరి ఆకు మీదా, టేకు ఆకు మీదా ఇంత స్పష్టంగా కనపడకపోయినా అదే పూత ఉంటుంది. ఆకు రాలి మన్నయినా ఆ మైనం అంత తొందరగా చెడదు. ఒండ్రుకు అంటుకుని వాగులో పడుతుంది, వాగు నుంచి మంజీరకు, మంజీర నుంచి గోదావరికి, గోదావరి నుంచి సముద్రపు అడుగుకు చేరి వేల ఏళ్ళు అలాగే ఉంటుంది.

ఊహించి చెబుతున్న మాట కాదు. 2006లో కృష్ణా గోదావరి ముఖద్వారాల ముందు సముద్రంలో గ్యాస్ హైడ్రేట్ల కోసం జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ అడుగు నేలను తొలిచింది. గోదావరి ఎదుట, 1,200 మీటర్లకు పైగా లోతున తీసిన ఒక మట్టి గొట్టాన్ని కెమిలో పాంటన్, లివియు జియోసాన్ బృందం ఆకుమైనం కోసం వెతికింది. మైనంలోని కార్బన్‌కూ బరువు రకం, తేలిక రకం ఉన్నాయి. మొక్క మొత్తాన్ని తీసుకుంటే వరిలో, అడవి చెట్లలో ఆ లెక్క వెయ్యింటికి మైనస్ 27 దగ్గర ఉంటే, ఎండను తట్టుకునే చెరకు, జొన్న, మక్క, గడ్డి జాతుల్లో మైనస్ 12 దగ్గర ఉంటుంది. తేనెలో చెరకు పాకం కలిపితే ప్రయోగశాలలో పట్టుబడేది ఈ తేడా వల్లే. పాంటన్ బృందం 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం గోదావరి పరీవాహకంలో సుమారు 4,000 ఏళ్ళ కిందట ఒకసారి, 1,700 ఏళ్ళ కిందట మరోసారి ఎండను తట్టుకునే మొక్కల వాటా పెరిగింది. దక్కను పీఠభూమి మెట్లు మెట్లుగా ఎండిందన్నమాట. ఇక్కడి జనం జొన్న రొట్టె తినడం నేర్చుకున్నది ఆ ఎండుతున్న నేల మీదే కావచ్చు. బొటనవేలికి అంటిన మైనాన్ని చాలాసేపు తుడుచుకోలేదు.

సాలూర వంతెన కింద మొదటి సీసా నింపాను. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కనుమల వాననీడలోనే ఎక్కువ దూరం నడిచి, నిజాంసాగర్‌లో ఆగి, ఇక్కడికొస్తుంది. 1931లో కట్టడం పూర్తయిన నిజాంసాగర్ మొదట 29 టీఎంసీలకు పైగా పట్టేది. ఇప్పుడు 17 చిల్లరే. పూడిక సంగతి పోచంపాడ్‌లో మళ్ళీ ఎదురైంది.

రెంజల్ మీదుగా కందకుర్తి చేరేసరికి ఎండ దిగుతోంది. గోదావరి మహారాష్ట్ర నుంచి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. నీళ్ళ మధ్య పాత రాతి శివాలయం నడుము దాకా మునిగి ఉంది. ఈ జిల్లాలో ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. గంగల తానం, గంగకు పోయి రావడం. రెండో సీసా ముంచుతుంటే ఒడ్డున కూర్చున్న ముసలి రైతు పలకరించాడు.

"గంగను పట్టుకపోతున్నవా బిడ్డా? ఇంట్ల చల్లుకుంటవా?"

"లేదు తాతా. ఈ నీళ్ళు ఏ వానవో చూస్తారట హైదరాబాదులో."

"వాననెట్ల చూస్తరు? మాకైతే ఎరుకే. పడమటి గాలికి జల్లు. ఇట్లొచ్చి అట్ల పోతది. తూర్పు దిక్కు మబ్బు పట్టిందనుకో, ముసురు. మూడొద్దులు కుండ దించది. మా చెరువు నిండేది ముసురుకే."

సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాతావరణ శాస్త్రం చెప్పేదీ ఇదే. బంగాళాఖాతం ఉత్తరాన పుట్టిన అల్పపీడనం ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా పడమటి వాయవ్యంగా కదులుతూ విదర్భనూ ఉత్తర తెలంగాణనూ తడుపుతుంది. వాననీడ దాటి తూర్పుకొచ్చేకొద్దీ వాన మళ్ళీ పెరగడానికి కారణం అదే. 2025 ఆగస్టు ఆఖరున పాత నిజామాబాద్ జిల్లాలోనే ఉండిన కామారెడ్డి మీద ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసి రోడ్లు కొట్టుకుపోయిందీ బంగాళాఖాతపు అల్పపీడనం వల్లే.

ఈ ముసురు నీటికి ఐసోటోపుల్లో తనదైన గుర్తు ఉంటుంది. అల్పపీడనంలో మబ్బులు వందల కిలోమీటర్ల మేర గుంపు కట్టి రోజుల తరబడి కురుస్తూ వస్తాయి. బరువు నీరు దారి పొడవునా రాలిపోతుంది. చివర్న ఉన్న ఊరికి అందేది బాగా తేలికైన నీరు. పైగా ఆగస్టు దాటాక బంగాళాఖాతం పైపొర నిండా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మోసుకెళ్ళిన మంచినీళ్ళు ఉంటాయి. అవి అసలే తేలికైనవి. పోయినేడు మన వాగుల్లో పారిన నీరే ఈ ఏడు ముసురులో కొంత తిరిగొస్తూ ఉండవచ్చన్నమాట. పడమటి జల్లుకు ఆ దారి లేదు. దాని లెక్క వేరు.

ఇక్కడే పాత లెక్క ఒకటి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. 1952 జూన్ 21న కోపెన్‌హేగన్‌లో విల్లీ డాన్స్‌గార్డ్ అనే శాస్త్రజ్ఞుడు తన ఇంటి గడ్డిలో ఖాళీ బీరు సీసాకు గరాటా పెట్టి వాన పట్టాడు. మధ్యమధ్య సీసా మార్చి చూస్తే నీటి బరువు మారుతూ కనపడింది. ఆ సీసాల్లోంచే ఒక శాస్త్రం పుట్టింది. 1960ల మొదటి నుంచి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఊరూరి వాన నీటినీ పరీక్షిస్తోంది. ఢిల్లీ, ముంబై ఆ జాబితాలో పాతకాపులు. 1964లో డాన్స్‌గార్డ్ రాసిన వ్యాసం తర్వాత ఉష్ణమండలంలో ఒక సూత్రం స్థిరపడింది: ఎంత ఎక్కువ కురిస్తే నీరు అంత తేలిక. గుహల్లో చుక్క చుక్కగా పేరుకున్న రాతి బొడ్డెలను చదివినవాళ్ళు చాలాకాలం ఈ సూత్రంతోనే పాత వానల కొలతలు చెప్పారు. అహ్మదాబాద్ భౌతిక పరిశోధన శాలలో పనిచేసిన ఆర్. రమేశ్, ఆయన సహచరులు కేరళలో రోజువారీ వాన పట్టి చూసి 2014లో ఇంకో మాట చెప్పారు. ఆ ఊళ్ళో ఆ రోజు ఎంత కురిసిందన్నది కాదు, ఆ మబ్బు వెనక ఎంత పెద్ద మబ్బుల గుంపు నడిచిందన్నదే నీటి బరువును తేలుస్తోంది. ముసురు తోకన పడ్డ పది చినుకులైనా తేలికగానే ఉంటాయి. ఒక్క ఊరి మీద కుండపోతగా కురిసిన గాలివాన బరువుగా ఉండవచ్చు. నీరు గుర్తుపెట్టుకునేది తాను వచ్చిన దారిని. కందకుర్తి తాత నోట కూడా ఎంత వాన అన్న మాట రాలేదు, ఏ దిక్కు వాన అన్నదే వచ్చింది.

ఈ తేడాతో చరిత్ర చదివే తీరే మారిపోతుంది. బస్తర్‌లో, గోదావరి పరీవాహకంలోనే ఉన్న దండక్ గుహ రాతి బొడ్డెలో క్రీ.శ. 600 నుంచి 1500 దాకా వానలు పొరలు పొరలుగా ఉన్నాయి. ఆశీష్ సిన్హా బృందం 2007లో వాటిని చదివి, పద్నాలుగో శతాబ్దంలో, పదిహేను మొదట్లో దశాబ్దాల తరబడి వానాకాలం బలహీనపడిందని చూపింది. దక్కనులో దుర్గాదేవి కరువని పేరు పడ్డది ఆ రోజుల్లోనే. ఒక ఏడు వాన తప్పితే చెరువులో అడుగు నీళ్ళు ఆదుకుంటాయి, గాదెలో గింజలు ఆదుకుంటాయి. గాలి తన దారినే మార్చుకుని పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు తిరిగి రాకపోతే ఆదుకునేదేముంది?

దండక్ గుహ మన పెరడు. దసువోపు మాత్రం హిమాలయాల్లో, టిబెట్ దక్షిణపు అంచున, 7,200 మీటర్ల ఎత్తున ఉన్న మంచు. 1997లో లోనీ థాంప్సన్ బృందం అక్కడ మంచును తొలిచి గొట్టాలు తీసింది. 2000లో వాళ్ళు ప్రచురించినదాన్ని బట్టి 1790 నుంచి 1796 దాకా ఉన్న పొరల్లో దుమ్మూ ఉప్పూ విపరీతంగా ఉన్నాయి. వానలు తప్పి ఎండిన నేల మీదుగా వీచిన గాలి మోసుకెళ్ళినవి. ఆ ఏళ్ళలోనే హైదరాబాదు రాజ్యాన్నీ మరాఠా దేశాన్నీ పుర్రెల కరువు తుడిచిపెట్టింది. చచ్చినవాళ్ళను పూడ్చేవాళ్ళు లేక పుర్రెలు బయట పడి ఉన్నందుకు వచ్చిన పేరది. 1876 పొరలోనూ దుమ్ము ఉంది. అది మన ధాత కరువు. పల్లెల్లో తాతలు వయసు లెక్కకు వాడుకున్న ఆ రెండు కరువులూ మనుషులు నివసించని మంచుకొండ మీద రాసి ఉన్నాయి. ఈ సంగతి మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ మంచులోని ఆక్సిజన్ లెక్కను థాంప్సన్ చలికీ వేడికీ గుర్తుగా చదివారు. గాలుల దారికి గుర్తుగా చదవాలని వాదించేవాళ్ళూ ఉన్నారు. నాకు ఈ రెండో మాటే సరిగా తోస్తుంది. ఎందుకంటే టిబెట్ పీఠభూమి ఉత్తరాన పడమటి గాలులదే పెత్తనం. దక్షిణాన వానాకాలపు గాలులది. అవే వానాకాలపు నెలల్లో ఉత్తరాన పడే నీరు బరువెక్కుతుంటే దక్షిణాన పడేది తేలికవుతుంటుంది. ఒకే పీఠభూమి, ఒకే నెల. వేడి ఒక్కటే కారణమైతే రెండూ ఒక్క దిక్కుకే నడవాలి కదా.

మర్నాడు ఆర్మూర్ గుట్టల పక్కనుంచి, పెర్కిట్ మీదుగా పోచంపాడ్ చేరాను. మక్క కంకులు ఒలిచి రోడ్డంతా పసుపుపచ్చగా పరిచారు. పసుపు చేలు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి, వాటి తవ్వకం సంక్రాంతి దాటాకే. డ్యాము మీదికి ఎక్కితే 42 గేట్లు, ఎదురుగా ఆవలి ఒడ్డు కనపడనంత నీరు. 1963 జులై 26న నెహ్రూ పునాది రాయి వేసిన శ్రీరాంసాగర్ ఇదే. నిండితే 1,091 అడుగులు. తొంభై వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద కురిసిన వాన ఇక్కడికి చేరుతుంది: త్ర్యంబకేశ్వర్ కొండ మీది అరేబియా జల్లు, మంజీర పక్కన పట్టిన తూర్పు ముసురు. అన్నీ కలిసి ఈ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఇంకో వారంలో, 28న, సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం ఎగువన బాబ్లీ గేట్లు దించుతారు. మళ్ళీ జులై 1 దాకా ఎత్తరు.

నిలబడ్డ నీరు ఎండకు మారుతుంది. తేలికవి లేచిపోగా డ్యాములో మిగిలేది పడ్డ వానకన్నా బరువైన నీరు. ఆక్సిజన్, హైడ్రోజన్ లెక్కలు రెండూ కలిపి చూస్తే వాన నీళ్ళు ఒక గీత మీద, ఎండిన నీళ్ళు ఇంకో గీత మీద పడతాయి. కాకతీయ కాలువ కింద ఒక బావిలో నీళ్ళు తీసుకుని, ఇందులో కాలువ ఊట ఎంత, సొంత వాన ఎంత అని విడదీయడానికి శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్న సాధనం ఇదే. బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన జిల్లాల్లో ఈ పరీక్ష భూసార పరీక్షంత మామూలు కావాలని నాకుంది.

ఇంతకన్నా ఎక్కువగా నన్ను పట్టుకున్నది నీటి కింది సంగతి. కట్టినప్పుడు ఈ డ్యాముకు 112 టీఎంసీలు. 1994 సర్వేలో 90. తర్వాతి సర్వేలో 80. తగ్గిన 32 టీఎంసీల చోటా ఒండ్రుదే. ఇన్ని వేల ఏళ్ళు ఈ నది ఆకుమైనాన్నీ మట్టినీ సముద్రపు అడుగున పొరలుగా దాచింది కాబట్టే 4,000 ఏళ్ళ కిందటి ఎండను ఓడ మీద నుంచి చదవగలిగారు. ఈ పై భాగం మట్టి ఇక అక్కడిదాకా పోవడం లేదు. బోధన్ చెరకు పెరిగిన ఏళ్ళు, తగ్గిన ఏళ్ళు, వరి కమ్ముకున్న ఏళ్ళు, కరువులు, వరదలు అన్నీ పోచంపాడ్ అడుగునే ఆగిపోతున్నాయి. పూడిక తీయాలనే మాట ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది. తీయాలి, రైతుకు నీళ్ళు కావాలి. తవ్వే ముందు నాలుగు చోట్ల నిలువుగా గొట్టం దింపి ఆ పొరలను చెదరకుండా పైకి తీసి దాచమని అడుగుతున్నాను. తవ్వి లారీకెత్తాక ఏ పొర ఏ ఏడుదో ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం గట్టు దిగి చేపలవాళ్ళు తెప్పలు కట్టే చోటికి వెళ్ళాను. మూడో సీసా ముంచాను. పైకెత్తి చూస్తే మెడ దగ్గర మెంతిగింజంత బుడగ. వల దులుపుకుంటున్న కుర్రాడు చూశాడు.

"గట్ల కాదన్నా. గట్టు మీదికెల్లి ముంచితె గాలి పోదు. ఇటు తే."

సీసా తీసుకుని మోకాలు దాటే నీళ్ళలోకి దిగాడు. భుజం మునిగేదాకా వంగి, సీసాను లోపలే తలకిందులు చేసి, మళ్ళీ తిప్పి, చూడకుండానే మూత బిగించి ఇచ్చాడు. ఆ సంధ్య వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను. బుడగ లేదు. జేబులోంచి పెన్ను తీసి చీటీ మీద రాశాను: పోచంపాడ్, ఎడమ గట్టు, సాయంత్రం ఐదున్నర, తూర్పున మబ్బు.